ఎనిమిదింపావు జీపు

"బాలప్ప కూతురు జీపు దిగాల. మా కాగితం ఇచ్చినాకనే బండి కదిలేది," వీధిలో వెంకటేశులు గొంతు ఖంగుమంది. చేతిలో కర్ర ఉంది.

ఇంట్లో అతని అన్న కూతురు జాహ్నవి పుస్తకాలన్నీ మూడోసారి దులిపింది. పదో తరగతి హాల్ టికెట్ లేదు. తొమ్మిదిన్నరకు పుంగనూరులో లెక్కల పరీక్ష.

రెండు వర్గాల నాటుబాంబుల గొడవలో ఊరి బడి పోలీసు క్యాంపుగా మారి నిరుడంతా చదువు పోయింది. ఈ 1998లోనైనా పాసై కుప్పంలో ఇంటర్ చేరాలని జాహ్నవి, పావని ఒట్టేసుకున్నారు. పావని అవతలి వర్గం బాలప్ప కూతురు. లెక్కల నోట్సు కోసం నిన్ననే, రెండేళ్ళ తర్వాత, ఈ గడప తొక్కింది. చిన్నాయన అనుమానం అందుకే. ఆ కర్ర లేచిందా, ఊళ్ళో మళ్ళీ బాంబులే. పరీక్ష ఇద్దరికీ ఉండదు.

ఇద్దరినీ పరీక్షకు తీసుకెళ్ళడానికి ఎనిమిదింపావుకు పోలీసు జీపు తెచ్చిన కానిస్టేబుల్ శ్రీరాములు గుమ్మంలోకి తొంగిచూశాడు. "పది నిమిషాలే సూస్తామ్మా."

ఖాకీ చొక్కా కనబడగానే అవ్వ మారెమ్మ గబగబా వెళ్ళి రాగిపిండి డబ్బా మీద కూర్చుంది. మోకాళ్ళ నొప్పులతో గోడ పట్టుకుని నడిచే మనిషి. జాహ్నవి చూపు అక్కడే ఆగింది.

శ్రీరాములు వెళ్ళాక అడిగింది. "అవ్వా, లెయ్."

"యాల? కాళ్ళు నొస్తాండాయి."

"మోచేతి దాకా పిండి యాల ఉండాది? ఈ పొద్దు సంగటే కెలకలేదే."

అవ్వ గొంతు తగ్గించింది. "నీ పోటో, నంబరు, గుండ్రం సీలు. టేసన్లో మీ నాయన పోటో కింద గూడా ఇట్నే నంబరుండె. నిన్ను గూడా పట్టుకపోతారని దాస్తి."

జాహ్నవికి నవ్వాగలేదు. అవ్వను లేపి, డబ్బాలో చెయ్యి పెట్టి, కాగితం లాగి, దులుపుకుంటూ వీధిలోకి పరిగెత్తింది.

సగం ఊరు జీపు చుట్టూ ఉంది. పావని మాత్రం నోట్సులోంచి తలెత్తలేదు. "వచ్చినావా? మీ చిన్నాయన నన్ను కొట్టేలోపల ఈ లెక్క సెప్పు."

వెంకటేశులు అడ్డం వచ్చాడు. "దొరికిందా? ఎవురు తీసింది? పేరు సెప్పు."

"సెప్తే కొడతావా చిన్నాయనా?"

"కొట్టకుండా ముద్దు పెట్టుకుంటానా?"

జాహ్నవి జీపెక్కి పావని పక్కన సర్దుకుని కూర్చుంది. వీధి చివరిదాకా వినబడేలా చెప్పింది.

"అయితే ఇంట్లోకి పో. తీసింది మీ అమ్మ మారెమ్మ."