పరిశోధన వారి ఐసు

మందు సంచీ స్టాండుకి వేలాడుతోంది. వేలంపాట మాస్టారు మాత్రం చెయ్యి చాపనంటున్నాడు.

"ఇదే ఆఖరు డాక్టరమ్మా! ఈసారి కూడా నోరంతా పుండైపోతే మళ్ళీ ఈ గడప తొక్కను."

"తొక్కకపోతే నేను మోసుకొస్తాను," అంది భార్య.

"మోస్తావులే. కూరగాయల సంచీ మోస్తేనే నడుం పట్టేస్తుంది నీకు."

డాక్టరమ్మ నవ్వలేదు. మొన్నటి స్కాన్‌లో క్యాన్సరు కణితి సగానికి తగ్గింది. ఇప్పుడు మందు ఆపితే అది రెట్టింపు కసితో లేస్తుంది. ఆ సంగతి ఆయనకీ తెలుసు. ఏళ్ళ తరబడి మార్కెట్లో అరిచి అరిచి సరుకు అమ్మిన మనిషి, ఇప్పుడు గొంతు తగ్గించి అన్నాడు.

"చావంటే భయం లేదమ్మా. గుక్కెడు నీళ్ళు మింగాలంటే భయం."

డాక్టరమ్మకి ఒళ్ళు మండింది. ఆయన మీద కాదు. మూలన దుప్పటి కప్పుకుని కూర్చున్న ఐసుపెట్టె మీద.

ఆ పెట్టెలో తయారైన ఐసుతో ఇదే గదిలో పరిశోధన జరిగింది. ఈ మందు ఎక్కేముందు నుంచీ నోట్లో ఐసు ఉంచుకుంటే నోటిలోని రక్తనాళాలు ముడుచుకుంటాయి, మందు అక్కడికి తక్కువగా చేరుతుంది, పుళ్ళు తగ్గుతాయి. ఐసు దొరికినవాళ్ళలో చాలామంది కడుపునిండా తిన్నారు. దొరకనివాళ్ళు గంజి కూడా మింగలేక ఏడ్చారు. పేపరు అచ్చయింది. విభాగాధిపతికి పతకం వచ్చింది. ఆ పతకంతో దిగిన ఫోటో ఆస్పత్రి వాకిట్లోకి, అక్కణ్ణుంచి లిఫ్టులోకి కూడా ఎక్కింది. అప్పట్నుంచి వార్డంతా ఆయన్ని చాటుగా పతకం గారంటోంది.

పరిశోధన ముగిసిన మర్నాడే పతకం గారు పెట్టెకి తాళం వేయించి చెవి జేబులో వేసుకున్నాడు. పైన చీటీ అతికించాడు: 'పరిశోధన వారి సొత్తు. ముట్టరాదు.'

"కాసేపు ఆగండి. సూది గుచ్చొద్దు," అని నర్సుకి చెప్పి డాక్టరమ్మ మేడ మీదికి పరుగెత్తింది.

పై అంతస్తు హాల్లో సదస్సు జరుగుతోంది. 'పరిశోధన నుంచి పడక దాకా' అని గోడంత బ్యానరు. పడక దాకా రావాలంటే ఒక్క అంతస్తు దిగితే చాలు. లిఫ్టు కూడా ఉంది. అయినా రెండు రోజుల నుంచీ ఒక్కరూ దిగలేదు. ఎలా దిగాలో చర్చించుకుంటున్నారు.

టీ విరామంలో పతకం గారు దొరికాడు.

"సార్, ఐసుపెట్టె తాళం కావాలి."

"ఏ స్టడీ కింద?"

"స్టడీ ఏం లేదు సార్. రోగి."

ఆ మాట ఎక్కడో విన్నానే అన్నట్టు ఆయన నుదురు చిట్లించాడు.

"చూడమ్మా, ఐసు పనిచేస్తుందని నిరూపించాం. ఇవ్వమని ఎక్కడా అనలేదు. ఇవ్వాలంటే కమిటీ ఒప్పుకోవాలి."

"కమిటీకి పెద్ద ఎవరు సార్?"

"నేనే."

"అయితే ఒప్పేసుకోండి."

"నేనొక్కణ్ణే కూర్చుంటే అది కమిటీ ఎలా అవుతుంది? పైగా రెండో స్టడీ మొదలుపెడుతున్నాం. ఐసు ముక్కలుగా ఇస్తే మేలా, పొడి చేసి ఇస్తే మేలా అని. నువ్విప్పుడు అందరికీ అలవాటు చేశావంటే, ఐసు ఎరగని రోగిని నేనెక్కణ్ణుంచి తెచ్చుకోను?"

డాక్టరమ్మ చూపు పక్కకి తిరిగింది. పళ్ళరసాల బల్ల మీద పెద్ద స్టీలు గిన్నె నిండా ఐసు. వెళ్ళి రెండు చేతులా ఎత్తుకుంది.

"మేడమ్! అది అతిథులకండీ!" అన్నాడు వడ్డించేవాడు.

"నా అతిథి కింద కూర్చున్నాడు," అంటూ మెట్లు దిగింది.

నోట్లో ఐసు పడగానే మాస్టారి బుగ్గలు ఉబ్బాయి. ఏదో తిట్టబోయాడుగానీ మాట బయటికి రాలేదు. పెళ్ళయ్యాక ఈయన నోరు మూసుకోవడం ఇదే మొదటిసారి అని భార్య మురిసిపోయింది. నర్సు సూది గుచ్చి మందు ఎక్కించింది.

పక్క కుర్చీలో ముసలమ్మ చెయ్యి చాపింది. "నాకూ ఒక ముక్క పెట్టవా తల్లీ?"

ఆమె సంచీ మీద మందు పేరు చూసి డాక్టరమ్మ ఐసు ఇచ్చింది. కిటికీ దగ్గరున్న ఆయనా అడిగాడు. ఆయనకి ఎక్కేది చల్లటివి పడని మందు. "మీకు వద్దు బాబాయ్," అంది. ఆయన అలిగాడు.

అప్పుడే తలుపు తెరుచుకుంది. ముందు పతకం గారు, వెనక అతిథుల గుంపు. వార్డు చూపిస్తానని తీసుకొచ్చినట్టున్నాడు. పెట్టె మీది చీటీ కనబడకుండా ముందే దుప్పటి సర్దించి ఉండాల్సింది, పాపం!

అతిథుల్లో పెద్దాయన ఐసు చప్పరిస్తున్నవాళ్ళని చూసి చప్పట్లు కొట్టాడు. "అద్భుతం! అమల్లో కూడా పెట్టేశారే!"

పతకం గారి ముఖంలో రంగులు గబగబా మారాయి. చివరికి కెమెరాకి పనికొచ్చే రంగు దొరికింది.

"మరి! మా దగ్గర ఆలస్యం అనే మాటే ఉండదండీ."

డాక్టరమ్మ ఖాళీ గిన్నె పక్కన పెట్టి చెయ్యి చాపింది. "ఐసు అయిపోయిందని సారే తాళం ఇవ్వడానికి దిగారండీ."

అందరూ ఆయన జేబు వైపే చూస్తున్నారు. ఫోన్లు లేచాయి. ఆయన పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ తాళం తీసి ఆమె చేతిలో పెట్టాడు, పతకం ఊడదీసి ఇచ్చినంత బాధగా. తర్వాత ఎన్నిసార్లు అడిగినా ఆమె తిరిగివ్వలేదు.

తర్వాతి విడతకి మాస్టారు వచ్చాడు, తన కాళ్ళ మీదే. నోట్లో ఒకే ఒక్క చిన్న పుండు. ఇంట్లో కూరలకి వంకలు పెట్టి చంపుతున్నాడని భార్య ఫిర్యాదు.

పతకం గారు స్వయంగా కుర్చీ దగ్గరికొచ్చి తియ్యగా అడిగాడు. "రెండో స్టడీలో చేరతారా? ముక్కలా, పొడా అన్నది లాటరీ తీసి చెబుతాం."

"లాటరీ తీసేదాకా ఐసు కరక్కుండా ఆగుతుందా అయ్యా?" అని మాస్టారు నర్సు వైపు తిరిగి నోరు తెరిచాడు.