మిగిల్చిన సెలవులు

రిటైరయ్యే ముందు మనుషులు కంగారు పడతారు గానీ సుజానా నర్సమ్మ పడలేదు. పింఛను ఎంతొస్తుందో ఆమె పైసలతో సహా చెప్పగలదు. పోస్టాఫీసులో నెలనెలా వడ్డీ వచ్చే డిపాజిట్టు, రెండు గదుల ఇల్లు, ఆరోగ్య బీమా అన్నీ ఉన్నాయి. అన్నిటినీ మించి మూడు వందల రోజుల సెలవు ఉంది. వాడుకోకుండా మిగిల్చుకున్న సెలవులకు చివర్లో సర్కారు డబ్బు కట్టి ఇస్తుంది. తోటి నర్సులు పెళ్లిళ్లకీ పేరంటాలకీ సెలవులు తగలేస్తుంటే ఆమె లోలోపల నవ్వుకునేది.

ఇంకో నలభై రోజులుందనగా గుమాస్తా దేవీప్రసాద్ ఫారాలు వెనక్కి ఇచ్చాడు.

"నామినీ గడి ఖాళీగా వదిలేశారేటండీ? మీ తర్వాత ఈ డబ్బు ఎవరికియ్యాల? ఎవరిదో ఒకరి పేరు, ఆధార్ నంబరు పట్టుకురండి."

ఎవరిదో ఒకరిది. ఆ మాట అంత తేలిగ్గా అనేశాడు మహానుభావుడు! మిషన్ హాస్టల్లో పెరిగిన మనిషి ఆమె. తల్లిదండ్రులెవరో తెలియదు, పెళ్లి చేసుకోలేదు. రెండు రోజులు ఆలోచించినా ఒక్క మనిషే తట్టింది. ఆ మనిషి పేరు మాత్రం తను పలకకూడదు.

ముప్పై ఆరేళ్ల కిందట, డుంబ్రిగుడలో కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు, టీకాల పెట్టెతో కొండ దిగుతూ సుజానా కాలు విరగ్గొట్టుకుంది. ఆమె ఈడుదే ఓ కొండపిల్ల ఆమెను వీపున మోసుకుపోయి నెల్లాళ్లు ఇంట్లో పెట్టుకుని చూసింది. ఆఖరి రోజున ఊరి పెద్దల ముందు ఇద్దరూ ఒకే ఆకులో తిని నేస్తం కట్టారు. ఆ ఊళ్లో నేస్తమంటే తోడబుట్టినదాని కంటే ఎక్కువ. ఆనాటి నుంచి ఒకరినొకరు నేస్తమనే పిలుచుకోవాలి. పేరు పెట్టి పిలిస్తే ఆ బంధం తెగినట్టే. ఏటా కొత్త కొర్రలు వండే కొర్రకొత్త పండగ రోజున సుజానా నోట్లో ముద్ద పడ్డాకే ఆ నేస్తం తినేది. తర్వాత సుజానాకు గుమ్మలక్ష్మీపురం బదిలీ అయింది. కబురు వచ్చినప్పుడల్లా సెలవు లేదని చెప్పించేది.

ఇప్పుడు వెళ్లాలి. పేరు పలకనక్కర్లేదు, కార్డు చూసి రాసుకుంటే సరిపోతుందని తనకు తానే సర్దిచెప్పుకుంది. ఈ ప్రయాణానికి కూడా సెలవు ముట్టుకోలేదు, ఆదివారం చూసుకుని బయల్దేరింది.

నేస్తం వాకిట్లో మిరియాలు చెరుగుతోంది. జుట్టు నెరిసిపోయింది. సుజానాను చూడగానే చేట పక్కన పడేసి లేచింది.

"ఏటి నేస్తం, దారి తప్పీసినావేటి?"

ఆ నవ్వు చూసి సుజానాకు ఏడుపొచ్చినంత పనైంది. చోడి అంబలి తాగి, చాలాసేపు ఆ చెయ్యి పట్టుకుని కూర్చుంది. తర్వాత ఫారాలు బయటికి తీసి పింఛను సంగతీ, సెలవుల డబ్బు సంగతీ ఓపిగ్గా చెప్పింది.

"అంటే నువ్ సచ్చిపోతే నాకు డబ్బులిత్తారా?"

"అవును నేస్తం. నాకు నువ్వు తప్ప ఇంకెవరున్నారు?"

"ఆ సెలవులేటన్నావు? ఎన్ని రోజులు?"

"మూడు వందలు," అంది సుజానా. ఆ గొంతులో కాస్త గర్వం కూడా ఉంది, పాడు గర్వం.

నేస్తం ఆ ఫారాలు పక్కకి జరిపింది.

"మా ముసిలోడు పోయినప్పుడు కబురెట్టినాను. సెలవు నేదన్నావు. పదకొండు రోజులూ నీకు ఆకేసి ఉంచినాను. కొర్రకొత్తకి ఏటేటా పొద్దు వాలీదాకా తినకుండా కూకున్నాను. పాపం, సర్కారోళ్లు నా నేస్తానికి సెలవియ్యరు కాబోలు అని ఊరందరికీ నేనే సెప్పుకున్నాను. మూడొందల రోజులు నీకాడే ఉన్నాయన్నమాట."

డబ్బు అందాక అన్ని కొత్తలకీ వస్తాననీ, ఇక్కడే ఉండిపోతాననీ సుజానా చెప్పాలనుకుంది. చెప్పడానికి సిగ్గేసింది.

నేస్తం లోపలికి వెళ్లి ప్లాస్టిక్ కవర్లో చుట్టిన ఆధార్ కార్డు తెచ్చింది. దాన్ని సుజానా చేతికివ్వకుండా తనే పైకి చదివినట్టు చెప్పింది.

"రాసుకో. కొర్రా బుద్రి."

నంబరు కూడా సుజానా రాసుకునేలా కార్డు ఎదురుగా పట్టుకుని నిలబడింది. వేలిముద్ర కావాలంటే వేసింది. కోపంగా లేదు, అదే భరించలేకపోయింది సుజానా. ఒక్క తిట్టు తిట్టినా కాళ్లమీద పడేది.

బుద్రి మళ్లీ చేట అందుకుంది.

"బేగి ఎల్లు, ఆఖరి బస్సు ఎల్లిపోద్ది," అంది మిరియాలు చెరుగుతూ. "జాగర్త, సుజానమ్మా."