అమ్మ వాటా స్టెప్నీ

మా నాన్న పోతూ పోతూ ఒక జీపునీ నలుగురు మూర్ఖుల్నీ వదిలిపెట్టి పోయాడు. ఆ నలుగురిలో ఆఖరిదాన్ని నేనే, కాదనను. జీపుని కోసి పంచుకోలేం కదా! అందుకని పెద్దన్న బుర్ర గోక్కుని ఒక ఉపాయం కనిపెట్టాడు: మనిషికో చక్రం. ఎవరి చక్రానికి టైరు వాళ్ళే కొనుక్కోవాలి. వెనక తలుపుకి వేలాడే స్టెప్నీ అమ్మ వాటా. ఇంజనూ బ్రేకులూ తక్కిన గోలంతా నాది, ఎందుకంటే బండి నడిపేది నేను. అమ్మని కూడా ఆ చేత్తోనే సర్దేశారు, నెలకొకరి ఇంట్లో.

ఆ బండి మీదే నా బతుకు. రోజూ కొండ మీది పశువుల పాకల దాకా ఎక్కి, పాల క్యాన్లు దించి, కొండ కింది పాలకేంద్రంలో అప్పజెప్పాలి. ఎండ ముదిరేలోగా దిగకపోతే పాలు విరుగుతాయి. ఇప్పటికే ఒకసారి విరిగాయి. ఇంకోసారి విరిగితే వేరే బండి పెట్టుకుంటామని మేనేజరు మొహం మీదే చెప్పాడు.

పెద్దన్న ముందు కుడి చక్రానికి ఏనుగు పాదమంత టైరు తెచ్చి బిగించాడు. ఫోటోలో బాగుంటుందట. అన్న వేశాక చిన్నన్న ఊరుకుంటాడా? ఎడమ చక్రానికి అంత ఎత్తుదే తెచ్చాడు, పైగా తెల్ల అక్షరాలది. అక్క మాత్రం బావ పాత వ్యాను నుంచి ఊడదీసిన బుల్లి గుండు టైరుని వెనక తగిలించి, "గుండ్రంగానే ఉంది కదే, అదే తిరుగుతుంది" అంది. కంపెనీ చెప్పిన కొలత నాదొక్కటే, అదీ అరిగిపోయింది. బండి ముందు లేచి వెనక చతికిలబడి, ఎవరినో తిట్టబోతున్నట్టు ఉండేది.

"మామూలుగా నడిపితే ఎలాగో నెట్టుకొస్తాను అన్నయ్యా. ఫోర్‌వీల్ వేస్తే ముందూ వెనకా కలిసి తిరగాలి. పొడుగు కాళ్ళవాడినీ పొట్టి కాళ్ళవాడినీ కాలికి కాలు కట్టి పరిగెత్తమంటే ఏమవుతుంది? బురదలో అయితే జారి సర్దుకుంటాయి. గట్టి నేల మీద ఏదో ఒకటి విరుగుతుంది" అని చెప్పి చూశాను.

"నా చక్రం జోలికి రాకు" అన్నాడు పెద్దన్న.

"ముందు వాణ్ణి మార్చమను" అన్నాడు చిన్నన్న.

"నాకెందుకమ్మా, నేను వెనక ఉన్నాను" అంది అక్క.

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

ఆ రోజు అమ్మ చిన్నన్న ఇంటి నుంచి అక్క ఇంటికి మారాలి. అమ్మని మార్చేటప్పుడు నలుగురం ఉండి తీరాలి, లేకపోతే అమ్మ దుప్పటి ఎవరింట్లో మాయమైందో అని నెలంతా తగువు. పాలు దింపేసి అటు వెళ్దామని అందరినీ ఎక్కించుకున్నాను. అమ్మ సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పెద్దన్న "నా టైరు సత్తా చూపిస్తా ఉండు" అని నా చేతిలో తాళం లాక్కున్నాడు. కొండ మొదట్లో సిమెంటు రోడ్డు, ఎండకి పొడిగా మెరుస్తోంది. సరిగ్గా అక్కడే ఫోర్‌వీల్ లివర్ లాగాడు.

"పొడి నేల మీద వెయ్యకు అన్నయ్యా!"

"నువ్వు నాకు నేర్పుతావా? నిన్ను ఈ భుజాల మీద మోశానే!"

స్టీరింగు బిగుసుకుంది. టైర్లు కీచుమన్నాయి. తీసెయ్యమని అరిచాను. లివర్ రాలేదు. "కాస్త వెనక్కి పోనివ్వు, వదులవుతుంది" అన్నాను. మా వంశంలో వెనక్కి తగ్గినవాడు లేడు కాబోలు, యాక్సిలరేటర్ తొక్కిపారేశాడు. కాళ్ళ కింద ఢామ్మంది. బండి నిలిచిపోయింది. నూనె నల్లగా రోడ్డు మీదికి పారింది.

పైన పాలు క్యాన్లలో ఉన్నాయి. ఎండ ఎక్కుతోంది. "నా నోటి దగ్గర కూడు తీశావు కదరా!" అని ఏడ్చాను. అన్నని పట్టుకుని 'కదరా' అన్నానని కూడా ఎవరూ పట్టించుకోలేదు, ముగ్గురూ తప్పు ఏ చక్రానిదో తేల్చుకునే పనిలో ఉన్నారు.

అమ్మ దిగింది. బండి చుట్టూ తిరిగి, స్టెప్నీ దగ్గర ఆగి గోటితో గీకింది.

"ఒక్కరోజైనా వాడలేదు కదే, ఇన్ని పగుళ్ళేమిటి?"

"ఊరికే ఎండలో వేలాడితే అంతేనమ్మా. అప్పుడప్పుడూ మిగతావాటితో పాటు నేల మీద తిప్పాలి."

అమ్మ దాని మీద అరచెయ్యి వేసింది. "నన్నూ ఇలాగే తగిలించారు కదరా. ఏ ఇంట్లోనూ గరిటె ముట్టుకోనివ్వరు. కూర్చో అమ్మా, కూర్చో అమ్మా! కూర్చుని కూర్చుని నాకూ పగుళ్ళొచ్చాయి."

అమ్మ పెద్దన్న వైపు తిరిగింది. "భుజాల మీద మోశానన్నావుగా. ఆ భుజాలు ఉన్నాయా, అరిగిపోయాయా? పైకి నడవండి. క్యాన్లన్నీ మీరే మోసుకురండి."

దింపారు. అడ్డదారిన, ఆయాసపడుతూ, ఒకరినొకరు తిట్టుకుంటూ, మళ్ళీ ఎక్కుతూ మళ్ళీ దిగుతూ దింపారు. తెల్ల అక్షరాల టైరు కొన్న చిన్నన్న తెల్లచొక్కా నిండా పాలు. ఆఖరి క్యాను మూత తీసి మేనేజరు వాసన చూసేదాకా నేను అక్కణ్ణించి కదల్లేదు. విరగలేదు.

అక్కడే, క్యాన్ల మధ్య నిలబడి అమ్మ తీర్పు చెప్పింది. "విరిగింది పెద్దాడు బాగుచేయించాలి. ఐదు టైర్లూ ఒకే కొలతవి కొనాలి. నేను చిన్నదాని దగ్గరుంటాను."

"ఈ నెల నా వంతు కదమ్మా" అని అక్క గొణిగింది.

"నా బదులు నీ గుండు టైరుని తీసుకెళ్ళి కూర్చోబెట్టుకో."

ఇప్పుడు అమ్మ రోజూ నా పక్క సీట్లో కొండెక్కుతుంది. క్యాన్ల మూతలు తీసి వాసన చూస్తుంది, పాకలవాళ్ళతో పోట్లాడుతుంది, గేరు మార్చినప్పుడల్లా "మీ నాన్నయితే చప్పుడు రానిచ్చేవాడు కాదు" అని నా ప్రాణం తీస్తుంది. నేను స్టెప్నీతో సహా టైర్లు ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చే రోజున మాత్రం నాకన్నా ముందే జాకీ పట్టుకుని నిలబడుతుంది.

"నాది ముందు చక్రానికి వెయ్యవే" అంటుంది.