పాకం మాస్టారు చూసిన కొండ

నురుగు తీసేదాకా పాకం మాస్టారు ఎవరితోనూ మాట్లాడడు. గరిటె గిన్నె అంచునే తిప్పుతూ, తేలిన తెల్లటి నురుగును ఎత్తి పక్కన పడేస్తాడు. ఒక్క బుడగ మిగిలినా అద్దాల తొట్టెలో తగుదునమ్మా అంటూ పైకి పోతుంది, ప్రయోగం కాస్తా మట్టిగొట్టుకుపోతుంది.

మిఠాయి కొట్టు మూతపడ్డాక ఈ భూగర్భశాస్త్ర ప్రయోగశాలలో కుదిరాడు. పాకం పట్టడం తప్ప మరో విద్య రాదు. అదృష్టం చూడండి, వీళ్లకు కావలసిందీ అదే. "మీ పాకం ఒక్క నాలుకకైనా తగలదు కదండీ, ఇదేం చోద్యం!" అని భార్య ఇప్పటికీ బుగ్గలు నొక్కుకుంటుంది.

మన కాళ్ల కింద, ఎంతో లోతున, రాయి రాయిగానే ఉండి పాకంలా కదులుతుందట. అడుగున కాక తగిలినచోట తేలికై, కోట్ల ఏళ్లపాటు నింపాదిగా పైకి లేస్తుంది. దాని తల పుట్టగొడుగులా విచ్చుకుని నేలను కింద నుంచి ఎత్తుతుంది. నేల ఉబ్బుతుంది, బీటలు వారుతుంది. నడిసముద్రంలో దీవులు పుడతాయి. రాయికి బదులు తొట్టెలో పాకం పోయించి, అడుగున చిన్న హీటరు పెట్టి, ప్రయోగశాల నడిపే మేడమ్ గారు చూసేది ఆ కథనే.

ఆ కథ చివర మాత్రం మాస్టారు ఎన్నడూ చూడలేదు. పాకం పోసి, గిన్నెలు కడిగేసరికి బస్సు వేళవుతుంది. హీటరు దగ్గర రంగు కలిపిన పాకం, ఆ ఎర్రటి ధార, అప్పటికి సగం దూరమైనా రాదు. మర్నాటికి అంతా చల్లారి కలిసిపోయి ఉంటుంది. ఇప్పుడు డాక్టరు గుండె బలహీనమన్నాడు, పని మానెయ్యమన్నాడు. ఇదే చివరి రోజు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి అది పైకి తగలడం చూడాలి. అంతకుమించి ఆయనకు కోరిక లేదు.

"అమ్మా, ఇవాళ నేను కూర్చుంటానండీ. చివరిదాకా."

కూతురి వయసున్న మేడమ్ ఆయన మొహంలోకి చూసింది. "గిన్నెల సంగతి నేను చూసుకుంటాలే బాబాయ్. మీరు కూర్చోండి."

కూర్చున్నాడు. ధార లేస్తోందో లేదో తెలియనంత మెల్లగా లేస్తోంది. కునుకులాంటి మెలకువ. తన కుర్చీ, ఈ గది, వీధి, వీధి చివర బస్సు అన్నీ ఒకే పల్చటి పొర మీద తేలుతున్నట్టు, ఆ పొరను కింద నుంచి ఎవరో నిద్రలేపుతున్నట్టు అనిపించింది. భయం వెయ్యలేదు, హాయిగా ఉంది.

ఎండ వాలుతుండగా ధార తల పైపొరను తాకింది. ఆగింది. పక్కలకు పరుచుకుంది. పైన పాకం మీగడ కట్టినచోట నెమ్మదిగా ఉబ్బింది.

"ఓరి నీ ఇల్లు బంగారం గానూ! కొండే లేచిందమ్మా!" అన్నాడు మాస్టారు. కళ్లనీళ్లు తుడుచుకోకుండానే అరచెయ్యి అద్దానికి ఆనించాడు.

అద్దాన్ని ముట్టుకోకూడదు. చేతివేడికి కూడా అక్కడి పాకం పైకి లేస్తుంది, కొలతలు పాడవుతాయి. మేడమ్ వద్దనబోయి ఆగిపోయింది. పాడైతే పాడవనీ అనుకుని గిన్నెలు కడగడానికి వెళ్లింది.

తిరిగొచ్చేసరికి ఆయన తొట్టెకు తల ఆనించి ఉన్నాడు. చెయ్యి అద్దం మీదే ఉంది. "బాబాయ్, ఆఖరి బస్సు పోతుంది" అంది. భుజం తట్టి మళ్లీ పిలిచింది. మూడోసారి పిలవలేదు.

భార్య వచ్చింది. ఏడ్చి ఏడ్చి, చివరికి అడిగింది. "ఆయన చూశారా అమ్మా? అది పైకి రావడం చూడాలని పొద్దున చెప్పి బయల్దేరారు."

"చూశారు పిన్నిగారూ. నా పక్కనే ఉండి చూశారు."

అందరూ వెళ్లాక మేడమ్ హీటరు కట్టేసింది. ఎర్రకొండ అప్పటికే కుంగుతోంది. దానికి దూరంగా, అద్దం అంచున, అరచెయ్యంత మేర, రంగులేని చిన్న గుట్ట ఒకటి ఇంకా ఉబ్బే ఉంది.