రెండో దెబ్బ

సింహాద్రి ఇనుప కడ్డీకి గుడ్డపేలిక చుట్టి తుపాకి గొట్టంలోకి పైకీ కిందికీ తోస్తున్నాడు. నిన్న పేల్చిన మందు మసి పేలికకు అంటుకుని వచ్చింది. అరవై దాటిన మనిషి. ఎండకు మాడిన భుజాలు, ఎడమ చెంపను దున్నిన పంజా చారలు. జీడిపళ్ళు రాలే కాలమంతా, తాను కాపలా కాసే భాస్కరరావు తోటలోని పాకే అతని ఇల్లు. కిడ్నీల జబ్బుతో భార్య పోయాక ఆ పాకలో మరో గొంతు వినిపించలేదు. సంధ్యవేళ పళ్ళకోసం ఎలుగుబంట్లు వస్తాయి. అతను గాలిలోకి పేల్చే ఒక్క దెబ్బ విని ఊళ్ళోవాళ్ళు సింహాద్రి ఉన్నాడనుకుంటారు. ఆ దెబ్బకు బెదరని ఎలుగు ఎదురైతే, మళ్ళీ మందు పోసి, గుండు వేసి, దట్టించే వ్యవధి ఉండదు. చెంప మీది చారలు అలా దట్టించబోయేలోపు పడినవే.

ఎన్నికలు వచ్చాయి. లైసెన్సు తుపాకులు స్టేషనులో అప్పగించాలన్నారు. ఎండ ముదరకముందే బస్సెక్కి వెళ్ళాడు.

కానిస్టేబుల్ చిట్టిబాబు తుపాకి అందుకుని నవ్వాడు. "దీంతో ఎవుల్ని బెదిరిస్తావు మావా? నువ్వు రెండోసారి దట్టించీసరికి ఆడు టీ తాగొచ్చీస్తాడు."

"ఎలుగుకి ఓట్ల సంగతి తెల్దు బావూ. రెండు నెల్లు ఎలాగ?"

అప్పుడే భాస్కరరావు కారు దిగాడు. వెనక అంగరక్షకుడి భుజాన పొట్టి తుపాకి.

"అది అయిదు దెబ్బలది మావా," అన్నాడు చిట్టిబాబు గొంతు తగ్గించి. "మొదట్లో అన్నీ నీదానిలాంటివే, దెబ్బకోసారి నింపుకోవాల. అమెరికావోళ్ళు ఆళ్ళలో ఆళ్ళు కొట్టుకున్న యుద్ధంలో, మీట లాగితే మరో తూటా దానంతటదే ఎక్కీ తుపాకులు సిపాయిల సేతికొచ్చినాయట. ఇది ఆటి మనవరాలు."

"మరి ఆరిది అప్పగించరేటి?"

"ఆరికి ప్రాణభయం ఉన్నాదని పెద్దలు రాసిచ్చినారు."

"నాకూ ఉన్నాది బావూ."

"ఎలుగు మీద కేసెట్టమంటావేటి?"

స్టేషనంతా నవ్వింది. ప్రాణాలకు విలువ కట్టే ఆ గదిలో ఒక్కరూ అతని చెంపవైపు చూడలేదు.

భాస్కరరావు దగ్గరికొచ్చాడు. "ఏరా, పళ్ళు తెగ రాల్తన్నాయట. తోట ఒగ్గీకు."

"తుపాకి లేదు కదా బావూ."

"డబ్బా కొట్టుకోరా. దానికి సప్పుడైతే సాలు."

తోట వదిలితే అతనికి పాక కూడా ఉండదు. ఊళ్ళో దిగి, కొట్టులో ఖాళీ నూనె డబ్బా అడిగి తెచ్చుకున్నాడు. పొద్దు వాలుతుండగా దాన్నీ ఒక కర్రనూ పట్టుకుని చెట్లలోకి నడిచాడు.

ఆ సాయంత్రం తుపాకి మోత వినిపించలేదని ఎవరికీ అనుమానం రాలేదు. తుపాకి స్టేషనులో ఉన్నదని అందరికీ తెలుసు.

తెల్లవారి జీడిపిక్కలు ఏరడానికి వచ్చిన ఆడవాళ్ళు అతన్ని చూశారు. ఒకామె తన తువ్వాలు తీసి అతని ముఖం మీద కప్పింది.

రాలిన పళ్ళ మధ్య నూనె డబ్బా వెల్లకిలా పడి ఉంది. దాని నునుపైన రేకు మీద కర్ర దెబ్బకు పడిన ఒకటే సొట్ట.