హద్దురాళ్ళ లోపలి పేట

ఏసేపు రాసిన అర్జీ వట్టి చేతులతో తిరిగి రాదని రాళ్ళచెర్ల చుట్టుపక్కల పేరుండేది. పత్తికొండ తాలూకా కచేరీలో గుమాస్తాలు కాగితం చూడగానే ఇది మిషను బడి అయ్యవారి చేతిరాత అని గుర్తుపట్టేవాళ్ళు. ఆయన పొద్దున పిల్లలకు చదువు చెప్పి, మధ్యాహ్నం బడి అరుగు మీద పలక చెక్క ఒళ్ళో పెట్టుకుని వచ్చినవాళ్ళకల్లా అర్జీలు రాసిపెట్టేవాడు. ప్రతిఫలం అడిగేవాడు కాదు. రాయగలగడమే ఆయనకు గొప్ప. తండ్రి పెద్దన్న జీవితమంతా రెడ్ల పొలాల్లో గుంటక తోలి చచ్చిపోయాడు. కొడుకు కలెక్టరుకు ఉత్తరం రాస్తున్నాడు. అది తలచుకున్నప్పుడల్లా ఏసేపు వెన్ను ఒకింత నిటారయ్యేది.

క్రైస్తవుల పేట రాళ్ళచెర్లకు తూర్పున, వంక అవతల ఉంది. నూట నలభై గుడిసెలు, ఒక రాతి మందిరం, ఒక బడి. ఊళ్ళో మూడు మంచినీళ్ళ బావులున్నా వీళ్ళు వాటి గట్టు ఎక్కకూడదు. ఆడవాళ్ళు వంకలో ఇసుక తోడి, చెలమలో ఊరిన నీళ్ళు చిప్పతో కడవల్లోకి పోసుకునేవాళ్ళు. ఎండాకాలం ఒక్క కడవ నిండడానికి ఒక పూట పట్టేది. ఏసేపు భార్య జీవమ్మ ఆ పని ముప్పై ఏళ్ళుగా చేస్తోంది. నడుం వంగిపోయింది గానీ నోరు వంగలేదు.

పంతొమ్మిది వందల ఇరవై ఏడులో, మాఘమాసంలో ఒకరోజు, ఊరి పెద్ద నారపరెడ్డి వంక దాటి పేటలోకి వచ్చాడు. ఆయన చెప్పులు ఆ ఇసుక తొక్కడం అదే మొదలు. బడి అరుగు ముందు నిలబడి నవ్వాడు.

"ఏమప్పా ఏసేపూ, బాగుండావా?"

ఏసేపు లోపలినుంచి కుర్చీ తెచ్చి వేశాడు. రెడ్డి కూర్చోలేదు గానీ కుర్చీ వీపు మీద చెయ్యి వేశాడు. అదే ఎక్కువ అనిపించింది ఏసేపుకు.

"పత్తి మిల్లు వచ్చె, సంత వచ్చె. మన ఊరు మున్సిపాల్టీ కావల్లని మద్రాసుకు రాసుకుంటాండాం. జనం చాల్లేదంట. మీ పేటను కూడా ఊళ్ళో కలిపితే సరిపోతాది. నువ్వు రాస్తే ఆ మాట నిలబడతాది."

"కలిపితే మాకేమొస్తాది రెడ్డిగారూ?"

"కొళాయి వస్తాది. దీపాలొస్తాయి. వంక ఆ పక్కోళ్ళు, ఈ పక్కోళ్ళు అనే మాటే ఉండదు. మీరూ ఊరోళ్ళే. ఇంగేం గావల్ల?"

ఆ సాయంత్రం మందిరం ముందు పేట జనమంతా కూడారు. ఏసేపు విషయం విప్పి చెప్పాడు. కొళాయి అన్న మాట వినగానే ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సంఘం పెద్ద గిడ్డయ్య మాత్రం తల అడ్డంగా ఊపాడు. ఆయన తోలు పని చేసి చేసి వేళ్ళు గట్టిపడిన మనిషి.

"ఇన్నేండ్లు దగ్గరికి రానియ్యనోళ్ళు ఇప్పుడు పిలిచి కలుపుకుంటామంటే, నాకు భయమేస్తాది అయ్యవారూ."

"చట్టం వస్తాది గిడ్డన్నా. చట్టం ముందర రెడ్డి లేడు, మనం లేం. హద్దు లోపల ఉండేవాడు ఎవడైనా ఊరోడే."

"చట్టం సంగతి నాకేం తెల్సు. నువ్వు సదివినోడివి. నువ్వు వేలిముద్ర ఏయమంటే ఏస్తాం."

ఏసేపు వారం రోజులు గుడిసె గుడిసెకూ తిరిగాడు. పసిబిడ్డల పేర్లు కూడా వదలకుండా పట్టీ రాశాడు. అర్జీ కింద నూట నలభై ఇండ్లవాళ్ళ వేలిముద్రలు వేయించాడు. జీవమ్మ సిరాడబ్బీ పట్టుకుని వెంట తిరిగింది. చివరి వేలిముద్ర ఆమెదే.

ఎండలు ముదరకముందే సర్వేయరు వచ్చాడు. గొలుసులు పట్టించి కొలతలు వేస్తూ, పేట చివరి గుడిసె దగ్గర హద్దురాయి పాతించబోయాడు. ఆ గుడిసె వెనకనే బొందలగడ్డ ఉంది. పేటలో పోయినవాళ్ళను మూడు తరాలుగా పూడ్చిపెట్టిన నేల అది. పెద్దన్న అక్కడే ఉన్నాడు. ఏసేపు జీవమ్మల ఇద్దరు బిడ్డలు, ఒకడు మూడు నెలలవాడు, ఒకతె రెండేళ్ళది, అక్కడే ఉన్నారు.

"అయ్యా, రాయి ఆ గడ్డకు అవతల పాతించండి. మా పెద్దలు కూడా ఊరి లోపలికే రావాల" అన్నాడు ఏసేపు.

సర్వేయరు భుజాలు ఎగరేశాడు. ఆయనకు నాలుగు గొలుసుల దూరం అటైనా ఇటైనా ఒకటే. నక్షా మీద అలాగే గీసి, "పేట తరఫున నువ్వు సంతకం చెయ్" అన్నాడు. ఏసేపు తన పూర్తి పేరు, తండ్రి పేరుతో సహా, తీరిగ్గా రాశాడు. ఆ రోజు ఇంటికి వచ్చి జీవమ్మతో, "మన బిడ్డలు కూడా మున్సిపాల్టీలో ఉండారు" అన్నాడు. ఆమె చెంగుతో మొహం తుడుచుకుని, "నన్నూ ఆడనే పండబెట్టు, వాళ్ళ పక్కన" అంది.

మరుసటి ఏడు ఉత్తర్వు వచ్చింది. ఊళ్ళో పందిరి వేశారు, మేళం పెట్టారు. నారపరెడ్డి చైర్మన్ అయ్యాడు. ఏసేపును పిలిచారు గానీ పందిరి బయట, ఎండలో నిలబెట్టారు. ఇంకా అలవాటు పోలేదు, మెల్లగా పోతుందిలే అనుకున్నాడాయన. వోటు హక్కు పన్ను కట్టేవాళ్ళకే అన్నారు. అట్లాంటివాళ్ళు పేటలో నలుగురు తేలారు. కొళాయి గొట్టాలు పెద్దవీధి వెంట వచ్చి, సంత దాటి, వంక గట్టు దగ్గర ఆగిపోయాయి. "వచ్చే ఏడు దాటిస్తాం" అన్నారు. ఆ తరువాతి ఏడూ అదే మాట.

గొట్టాల కంటే ముందు వంక దాటి వచ్చింది నోటీసు. మునిసిపల్ గుమాస్తా సుబ్బయ్య మందిరం తలుపుకు అంటించి పోయాడు. జనం గుమిగూడి ఏసేపును పిలుచుకొచ్చారు, చదవగలిగినవాడు ఆయనే కాబట్టి. ఏసేపు పైకి చదవడం మొదలుపెట్టి మధ్యలో ఆగాడు. మళ్ళీ మొదటినుంచి చదివాడు. సంతకూ, మిల్లుకూ దగ్గరగా, పట్టణ హద్దుల లోపల శవాలు పూడ్చడం ఆరోగ్యానికి హాని గనుక తూర్పు శ్మశానం మూసివేయడమైనది. ఇకమీదట హద్దులకు బయట, మూడు మైళ్ళ దూరాన నల్లగుట్ట వాలులో పూడ్చుకోవలెను. మీరినవారికి శిక్ష.

గిడ్డయ్య నోటీసు వైపు కాక, ఏసేపు వైపు చూశాడు.

"హద్దు బయట ఉంటే ఈ నోటీసు మనకు తగల్దు గదా అయ్యవారూ?"

"తగల్దు" అన్నాడు ఏసేపు.

ఆ వేసవి వంక అడుగంటా ఎండింది. చెలమలు మనిషి లోతు తోడితే గాని తడి కనబడలేదు. వచ్చిన నీళ్ళు కూడా పచ్చగా ఉండేవి. చైత్రం పోకముందే పేటలో వాంతిభేది దిగింది. మొదటి వారంలో ముగ్గురు పోయారు. వాళ్ళను బండి మీద నల్లగుట్టకు తీసుకుపోయారు. కొళాయి నీళ్ళు తాగే పెద్దవీధిలో ఒక్కరికీ రాలేదు. జీవమ్మ వంక దాటి, గట్టు మీది కొళాయి దగ్గర ఒక్క కడవ పట్టుకోబోయింది. అక్కడివాళ్ళు కడవ తన్ని పగలగొట్టారు. ఆమె పెంకులు ఏరుకుని తిరిగి వచ్చి, ఇంకో కడవ తీసుకుని చెలమకు పోయింది.

మూడో రోజు ఆమె కూడా జబ్బున పడింది. సాయంత్రానికి కళ్ళు లోపలికి పోయాయి. తెల్లవారుజామున ఏసేపు ఒళ్ళో తల పెట్టుకుని, "బిడ్డల పక్కన" అంది. అదే ఆఖరి మాట.

పొద్దు పొడవగానే ఏసేపు చైర్మన్ ఇంటికి పోయాడు. కాళ్ళకు చెప్పులు లేవు. నారపరెడ్డి వసారాలో పళ్ళు తోముకుంటున్నాడు. సుబ్బయ్య పక్కనే కాగితాలు పట్టుకుని ఉన్నాడు.

"రెడ్డిగారూ, నా పెండ్లాం పోయింది. దాని బిడ్డల పక్కన ఆరడుగులు చాలు. ఈ ఒక్కసారి."

నారపరెడ్డి నోరు పుక్కిలించి ఉమ్మాడు. మొహంలో నిజంగానే బాధ కనిపించింది.

"పాపం, మంచి మనిషప్పా ఆయమ్మ. నా చేతుల్లో ఏముండాది చెప్పు? ఒకరికి ఇస్తే అందరికీ ఇయ్యాల. చట్టం నీకు తెలీందా?"

సుబ్బయ్య మెల్లగా అన్నాడు. "ఆ గడ్డ హద్దు లోపలికి రావాలని అడిగింది మీరే కదండీ అయ్యవారూ. నక్షా మీద మీ సంతకముంది." అతను ఎత్తిపొడుపుగా అనలేదు. ఉన్న మాట అన్నాడు.

ఏసేపు తిరిగి వచ్చాడు. దారిలో ఆయనకు ఒకటే తోచింది: రాయకపోయి ఉంటే, చదువు లేకపోయి ఉంటే, ఈ రోజు జీవమ్మ తన బిడ్డల దగ్గర ఉండేది.

నల్లగుట్ట వాలులో మన్ను లేదు. గడ్డపార వేస్తే నిప్పురవ్వలు లేచాయి. గిడ్డయ్య, ఇంకో నలుగురు మధ్యాహ్నం దాకా తవ్వితే మోకాలి లోతు వచ్చింది. ఆమెను అందులోనే పడుకోబెట్టి పైన రాళ్ళు పేర్చారు. మిషను పాదిరి దొర దూరాన ఉన్నాడు గనుక ఏసేపే ప్రార్థన చెయ్యాల్సి వచ్చింది. ఆయన పుస్తకం తెరిచాడు. అక్షరాలు కనబడ్డాయి గానీ నోట మాట రాలేదు. గిడ్డయ్య తనకు గుర్తున్నంత మేరకు పరలోక ప్రార్థన చెప్పి ముగించాడు.

వాంతిభేది పేటలో పంతొమ్మిది మందిని తీసుకుని పోయింది. అది తగ్గాక ఏసేపు మళ్ళీ కలం పట్టాడు. ఈసారి పేటను మునిసిపాలిటీ హద్దులనుంచి తీసేయమని రాశాడు. కాగితం పట్టుకుని గుడిసె గుడిసెకూ తిరిగాడు. తలుపులు తీశారు, మంచం వాల్చారు, మజ్జిగ ఇచ్చారు. వేలు మాత్రం ఎవరూ చాపలేదు.

"ఒకసారి ఏసినాం గదా అయ్యవారూ" అంది ఓబులమ్మ. ఆమె భర్తా, పెద్దకూతురూ ఇద్దరూ నల్లగుట్టలో ఉన్నారు. కోపంగా అనలేదు. మజ్జిగ లోటా అందిస్తూ అంది.

అర్జీ ఒక్క సంతకంతో పోయింది. ఐదు నెలలకు జవాబు వచ్చింది. పేట జనాన్ని తీసేస్తే పట్టణానికి ఉండవలసిన జనసంఖ్య తగ్గును గనుక కోరిక పరిశీలించుటకు వీలులేదని అందులో ఉంది. ఏసేపు దాన్ని గిడ్డయ్య దగ్గరికి తీసుకుపోయి చదివి వినిపించాడు. గిడ్డయ్య చెప్పు కుడుతున్నాడు. తల ఎత్తలేదు.

"మేం పోతాండాం అయ్యవారూ. గుట్ట కింద గుడిసెలు ఏసుకుంటాం. ఆడ మున్సిపాల్టీ ల్యాదు."

"ఆడ నీళ్ళు ల్యావు గిడ్డన్నా. చెలమ గూడా ల్యాదు."

"ఈడ మాత్రం యాడుండాయి?"

ముందు ఐదిండ్లు, తరువాత పది, సంక్రాంతి పోయేసరికి డెబ్బై ఇండ్లవాళ్ళు వాసాలు పీక్కుని బండ్ల మీద వేసుకున్నారు. గిడ్డయ్య బండి కదిలే రోజు ఏసేపు తన ట్రంకు పెట్టె, పుస్తకాల మూట బయట పెట్టుకుని నిలబడ్డాడు.

"నేనూ వస్తా. నా పెండ్లాం ఆడనే ఉండాది. బడి ఆడ పెడతా."

గిడ్డయ్య ఎద్దుల పగ్గం బిగించి పట్టుకున్నాడు. ఆయన కళ్ళు ఏసేపు మీద లేవు, ట్రంకు పెట్టె మీద ఉన్నాయి.

"వద్దులే అయ్యవారూ. నువ్వు ఈడనే ఉండు. నీ మింద మాకు కోపం ల్యాదు, దేవుని సాక్షి. నువ్వు వస్తే మళ్ళా ఏదో ఒకటి రాస్తావు."

బండి కదిలింది. వెనక బండ్లలోని ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకున్నారు. వాళ్ళు చివరి గుడిసె దాటి, హద్దురాయి దాటి, గుట్ట వైపు మలుపు తిరిగేదాకా ఏసేపు అక్కడే నిలబడ్డాడు. తరువాత ట్రంకు పెట్టె ఒక్కడే లోపలికి ఈడ్చుకున్నాడు.

మరుసటి రోజు సోమవారం. ఏసేపు బడి గంట కొట్టాడు. మిగిలిన ఇండ్లనుంచి ఆరుగురు పిల్లలే వచ్చారు. వాళ్ళను ముందు వరుసలో కూర్చోబెట్టి, హాజరు పట్టీ తెరిచి, లేనివాళ్ళ పేర్లు కూడా ఒక్కొక్కటే చివరిదాకా పిలిచాడు.