ఎముక పట్టే గాజు

క్రేను గొలుసు తెగిపడి నుజ్జయిన వరహాలు కాలి ఎముక ఎనిమిది నెలలైనా అతకలేదు. ముక్కల నడుమ రెండు వేళ్ల సందు అలాగే ఉండిపోయింది.

కుర్ర డాక్టరు హిందీలో చెప్పిందాన్ని కాంపౌండరు సూర్యం, వరహాలు భార్య చిలకమ్మకు తెలుగులో చెప్పాడు.

"ఫారిన్లో ఇలాంటి సందులో గాజు పెట్టి చూత్తన్నారంట. అది కొంచెం కొంచెం కరిగి సున్నం వదుల్తాదంట. ఎముకలోని కణాలు దాన్ని పట్టుకుని కొత్త ఎముక కడతాయంట."

డాక్టరు 'కాంచ్' అన్నాడు, సూర్యం 'గాజు' అన్నాడు. అతనికి మాత్రం ఇంకో మాటేముంది? చిలకమ్మ ఆ తర్వాత ఇంకేమీ వినలేదు.

మర్నాడు, సాక్చి బజారులో ఎప్పుడో వేయించుకున్న తన చేతుల డజను గాజుల్నీ సబ్బు నురగతో ఒక్కొక్కటే జాగ్రత్తగా తీసి, ఉడకబెట్టి, తెల్లగుడ్డలో మూటగట్టి డాక్టరు బల్లమీద పెట్టింది.

"నా చేత్తో నాను పగలగొట్టుకోకూడదు బాబూ. మీరే నూరండి."

సూర్యం తల దించుకుని ఆ మాట హిందీలో చెప్పాడు. డాక్టరు మూట విప్పి చూశాడు. ఆ గాజు వేరనీ, దాన్ని వేరే పాళ్లలో కరిగించి చేస్తారనీ, తను పత్రికలో చదవడమే తప్ప కంటితో చూడలేదనీ అన్నాడు. గాయంలో పట్టిన చీము పైకి పాకుతోంది కనక కాలు తియ్యక తప్పదన్నాడు. మూట ఆమె చేతిలోనే పెట్టాడు.

వార్డులో వరహాలు కళ్లు తెరవగానే ఆమె బోసి చేతులు కనిపించాయి.

"చిలకా, నాను సచ్చిపోయానేటే?" అన్నాడు.